ఇద్దరిలో ఒకడు

"భుజమే ముందు తగిలింది. కావాలంటే మళ్ళీ చూడు," అన్నారు మా ఆయన రిమోట్ నొక్కుతూ.

"చూసింది చాలు. పులుసు చల్లారిపోతోంది, ఆపండి."

"నువ్వెక్కడ చూశావు? ప్రతిసారీ తల తిప్పేసుకుంటావు. ఇదిగో, ఇక్కడ ఆపుతా. హెల్మెట్‌కీ హెల్మెట్‌కీ మధ్య ఎంత ఖాళీ ఉందో చూడు."

"ఆ ఖాళీ తర్వాత ఏమైందో కూడా చూపించండి మరి."

అది మాత్రం చూపించరు. అక్కడిదాకా వచ్చి వెనక్కి తిప్పేస్తారు. తిప్పినప్పుడల్లా తెర మీద ఆ పిల్లవాడు గడ్డిలోంచి లేచి, గాల్లోకి ఎగిరి, బంతి వదిలేసి, వెనక్కి పరుగెత్తుకుంటూ వెళ్ళిపోతాడు. ఏమీ కానట్టే. తల తిప్పుకుంటానన్న మాట నిజమే కానీ, ఆ ఒక్క ముక్క మాత్రం నేనూ చూసేదాన్ని.

ఆ నవంబరంతా అమెరికాలో, అల్ఫారెట్టాలో మా ఇంట్లో ఇదే గొడవ. మా అమ్మాయి క్రిస్టీ భర్త ఐజాయా ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ ఆడతాడు. అమెరికన్ ఫుట్‌బాల్. అందరికంటే వెనక నిలబడి, అందరినీ దాటుకుని వచ్చినవాణ్ణి పడగొట్టడం అతని ఉద్యోగం. అక్టోబరు ఆఖరి ఆదివారం అవతలి టీమ్‌లో మైకా అనే కుర్రాడు బంతి కోసం పైకి ఎగిరాడు. మా వాడు తలతో వెళ్ళి అతని తలకి కొట్టాడు. బంతి మీద కళ్ళున్నవాడు తనని తాను కాచుకోలేడు, అలాంటివాడి తలకి కొట్టకూడదని రూలు. ఫౌల్ అంటూ రిఫరీ పసుపు జెండా విసిరాడు. మా వాణ్ణి ఆటలోంచి పంపేశారు. మైకాని బల్ల మీద పడుకోబెట్టి, మెడ కదలకుండా కట్టి తీసుకెళ్ళారు. మర్నాడు నాలుగు ఆటల సస్పెన్షన్ అన్నారు. ఇంతకుముందు కూడా ఇలాంటి జెండాలు ఉన్నాయి కాబట్టి ఇంత శిక్ష అన్నారు.

సస్పెన్షన్‌లో ఉన్నవాడు టీమ్ ఛాయలకి పోకూడదు. ఫోన్ తెరిస్తే బెదిరింపులు. అందుకే క్రిస్టీ డ్రైవ్ చేసుకుని అతన్ని మా దగ్గరికి తీసుకొచ్చింది. ఐజాయా కళ్ళు మూసుకుని కూర్చుంటే దారంతా తనే నడిపిందట. అప్పుడు నేనది పట్టించుకోలేదు.

ఆ రాత్రి భోజనాలకి ఐజాయా మెట్లు దిగి వచ్చేసరికి టీవీ ఇంకా నడుస్తోంది. టోపీ కళ్ళ మీదికి లాక్కుని సోఫా వెనక నిలబడ్డాడు. కాసేపు చూశాడు.

"ఇది ఏ క్వార్టర్, మావయ్యా?" అన్నాడు. అతను మాట్లాడేదంతా ఇంగ్లీషే. మావయ్య, అత్తయ్య, చాలు, ఇంకొంచెం లాంటి మాటలు క్రిస్టీ నేర్పింది.

ఈయన పగలబడి నవ్వారు. "కొట్టింది నువ్వు, నన్నడుగుతావేంటయ్యా! థర్డ్ క్వార్టర్!"

ఐజాయా కూడా నవ్వాడు. క్రిస్టీ నవ్వలేదు. "డాడీ, ప్లీజ్. ఆఫ్ చేసెయ్," అని తనే వెళ్ళి టీవీ కట్టేసింది.

అప్పీలు వీడియో కాల్‌లో జరిగింది. మేం అన్నం తినే బల్ల మీదే లాప్‌టాప్ పెట్టారు. ఐజాయా తెల్ల చొక్కా వేసుకుని కూర్చున్నాడు. నేను కుక్కర్ విజిల్ వస్తుందని పొయ్యి కట్టేసి వంటింట్లో నిలబడ్డాను. ఈయన మెట్ల మీద, తెరలో కనబడకుండా. తీర్పు చెప్పే పెద్దమనిషి ఒకప్పుడు ఆడినవాడేనట. నెరిసిన గడ్డం, మర్యాదగల మనిషి.

"లాయర్ల మాట పక్కన పెట్టు బాబూ. ఆ క్షణంలో నీకేం కనిపించింది? అది చెప్పు," అన్నాడు.

ఐజాయా కాలరు సర్దుకున్నాడు. తర్వాత, "నేను అతని నడుముకి గురిపెట్టాను. అతను కిందికి వంగాడు. తప్పించుకునే టైమ్ లేదు," అన్నాడు. సండే స్కూల్ పిల్లవాడు కంఠత వాక్యం అప్పజెప్పినట్టు, ఎక్కడా ఆగకుండా.

సాయంత్రానికి ఫోన్ వచ్చింది. శిక్షలో మార్పు లేదు.

"టచ్ చేస్తే జెండా! ఊపిరి వదిలితే జెండా!" ఈయన వంటింట్లో అటూ ఇటూ తిరుగుతున్నారు. "పాతికేళ్ళు ఆ ఆటే చూసి చప్పట్లు కొట్టారు కదా వీళ్ళంతా? ఇప్పుడు మా వాడు దొరికాడా? ఒకసారి ముద్ర పడితే అంతే. జెండా చేతిలో పట్టుకునే ఉంటారు."

"ఆ పిల్లవాడి తల్లి ఇవాళ ఏం తిన్నదో," అన్నాను.

"నేను కాదన్నానా? రోజూ ప్రార్థన చేస్తున్నాం కదా! ప్రార్థన వేరు, న్యాయం వేరు, నవోమీ."

మా ఆయన అలా ఊగిపోవడానికి కారణం ఉంది. క్రిస్టీ అతన్ని చేసుకుంటానన్నప్పుడు ఏడాది మాట్లాడని మనిషి, తర్వాత అతని పక్కన కూర్చుని ఆట నేర్చుకున్నారు. మా తెలుగు సంఘానికి సొంత గుడి లేదు. అమెరికన్ల చర్చిలో వాళ్ళ ఆరాధన అయ్యాక, మధ్యాహ్నం మాకు అద్దెకిస్తారు. సరిగ్గా ఆట మొదలయ్యే వేళ. సంఘ పెద్ద అయివుండి, ఆఖరి బెంచీలో పాటల పుస్తకం మధ్య ఫోన్ పెట్టుకుని, సౌండ్ లేకుండా అల్లుడి ఆట చూసేవారు. మా పాస్టరు అయ్యగారికి తెలుసు. వాక్యం మధ్యలో ఈయన మొహం వెలిగితే, "జోసఫ్ గారికి వాక్యం బాగా తగిలినట్టుంది" అనేవారు. అందరూ నవ్వేవారు. సంఘమంతా అతన్ని యెషయా అనే పిలిచేది.

తర్వాత ఒక మధ్యాహ్నం ఐజాయా వంటింట్లో నాతోపాటు వెల్లుల్లి ఒలుస్తున్నాడు. ఊరికే కూర్చోలేడు, ఏదో ఒక పని అడుగుతాడు. అంతంత వేళ్ళతో చిన్న చిన్న పాయలు ఒలవడం చూస్తే నవ్వొచ్చేది.

"అత్తయ్యా, సి-ఫైవ్ అంటే ఏమిటి?"

నేను హాస్పిటల్లో నర్సుని. వెన్నెముక దెబ్బలు తిన్నవాళ్ళ ఫ్లోర్‌లోనే చాలా ఏళ్ళు పనిచేశాను. ఎవరి గురించి అడుగుతున్నాడో తెలుసు.

"మెడలో అయిదో ఎముక దగ్గర," అన్నాను.

"అంటే ఏం చేయగలడు?"

"భుజాలు ఎగరేయగలడు. మోచేయి వంచగలడు."

"చేతులు?"

నేను చాకు కింద పెట్టాను. "మణికట్టు కింద నుంచి కష్టం. కొంతమందికి తర్వాత కొంచెం వస్తుంది. ముందే చెప్పలేం."

అతను చేతిలో ఉన్న వెల్లుల్లి పాయని చూశాడు. భుజాలు ఒకసారి ఎగరేశాడు. మోచేయి వంచాడు, చాచాడు. తర్వాత ఆ పాయ ఒలవకుండానే గిన్నెలో వేసి, "నేను కొంచెం పడుకుంటాను," అని పైకి వెళ్ళిపోయాడు. పగలు అతను ఎక్కువసేపు పడుకుంటున్నాడని, గది కిటికీలకి క్రిస్టీ దుప్పట్లు కట్టిందని నాకు తెలుసు. మనసు బాగాలేక అనుకున్నాను. అంత దెబ్బ కొట్టినవాడికి నిద్ర ఎలా పడుతుంది, పగలూ రాత్రీ తారుమారైతే వింతేముంది అనుకున్నాను.

థాంక్స్‌గివింగ్ ముందు ఆదివారం మా సంఘంలో కృతజ్ఞత సాక్ష్యాలు ఉంటాయి. ఏడాదిలో దేవుడు చేసిన మేలు ఒక్కొక్కరే లేచి చెబుతారు. గ్రీన్ కార్డ్ వచ్చినవాళ్ళు, ఆపరేషన్ గట్టెక్కినవాళ్ళు, పిల్లలకి సీటు వచ్చినవాళ్ళు. ఐజాయా ఇంట్లోనే ఉన్నాడు. క్రిస్టీ నా పక్కన కూర్చుంది.

అంతకుముందు వారం ఆరాధన అయ్యాక ప్రేమవిందులో బిరియానీ వడ్డిస్తూ ఒకావిడ, "మీ యెషయాని చూస్తే అంత సాధువుగా ఉంటాడు, ఏంటండీ ఆ కొట్టడం? రౌడీల్లాగా!" అంది. ఈయన పళ్ళెం పట్టుకుని అలాగే నిలబడిపోయారు. ఆ మాట వారమంతా మింగుడుపడలేదని ఆదివారం ఆయన లేచి మైక్ అందుకున్నాక నాకు తెలిసింది.

"ప్రభువు నామంలో మీ అందరికీ వందనాలు," అని మొదలుపెట్టారు. "నా అల్లుడి విషయంలో దేవుడు చేసిన మేలు చెప్పుకోవాలని నిలబడ్డాను. టీవీలో చూసినవాళ్ళు నా అల్లుడు కావాలని కొట్టాడనుకుంటున్నారు. మీలో కూడా కొందరు అనుకుంటున్నారు. అది నిజం కాదు. ఆ రోజు సెకండ్ క్వార్టర్‌లోనే అతని తలకి పెద్ద దెబ్బ తగిలింది. అప్పటి నుంచి కళ్ళకి ఒకటి రెండుగా కనబడుతోంది. రెండు బంతులు, మనిషికి ఇద్దరు మనుషులు. అయినా ఎవరికీ చెప్పలేదు, కూర్చోలేదు. దేవుడు బలమిచ్చి నిలబెట్టాడు. ఆ చూపుతోనే ఆడాడు. కావాలని కొట్టినవాడు కాదు నా అల్లుడు. అతన్ని ప్రాణాలతో ఇంటికి చేర్చిన దేవుడికి స్తోత్రం."

"స్తోత్రం!" అన్నారు అందరూ. "హల్లెలూయా!" అని వెనక నుంచి ఎవరో గట్టిగా అన్నారు. అయ్యగారు చేతులెత్తి "ఆమెన్" అన్నారు. రౌడీ అన్న ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

నేను పక్కకి చూశాను. క్రిస్టీ ముందు బెంచీ అంచు పట్టుకుని తల వంచుకుంది. ప్రార్థన చేస్తున్న పిల్లలాగే ఉంది చూసేవాళ్ళకి.

తర్వాత కీర్తన పాడారు. నేనూ లేచి నిలబడ్డాను.

కారులో ఇంటికి వస్తూ, రెడ్ లైట్ దగ్గర ఆగినప్పుడు అడిగాను.

"ఎప్పుడు తెలుసు మీకు?"

"ఆ రోజు సాయంత్రమే. క్రిస్టీ ఫోన్‌లో చెప్పింది."

"నాకు ఎందుకు చెప్పలేదు?"

"చెప్పొద్దంది. నువ్వు నర్సువి కదా, ఊరుకోవు. రిపోర్ట్ చెయ్యమంటావు. ఎవరికీ చెప్పనని మాటిచ్చాను."

"వంద మంది ముందు మైక్‌లో చెప్పారు!"

"అది చెప్పడం కాదు, నవోమీ," అన్నారాయన, నిజంగా నాకు అర్థం కాలేదేమిటా అన్నట్టు. "అది సాక్ష్యం. దేవుడి ముందు."

వెనక సీట్లోంచి క్రిస్టీ, "ఐజాయా నాచేత ప్రామిస్ చేయించుకున్నాడు మమ్మీ," అంది. "డాక్టర్లకి తెలిస్తే ఇంక ఆడనివ్వరు. తలకి ఇలాంటి దెబ్బ ఇది మొదటిది కాదు. అన్నీ కలిపితే ఇంక ఎప్పటికీ ఆడనివ్వరు." గొంతు చిన్నపిల్లలా అయిపోయింది. "అతనికి ఇంకేం రాదు మమ్మీ. ఎనిమిదేళ్ళప్పటి నుంచి ఇదే."

లైట్ మారింది. వెనక కారు హారన్ కొట్టింది. ఈయన ముందుకి పోనివ్వలేదు.

"మైదానంలో డాక్టర్లుంటారు కదా. వాళ్ళేం చేశారు?" అన్నారు, అప్పుడే ఆ సంగతి తట్టినట్టు.

"మొదటిసారి పడగానే వెంటనే లేచాడు డాడీ, ఎవరూ చూడలేదు. రెండోసారి అందరూ మైకా చుట్టూ ఉన్నారు. ఇతన్ని బయటికి పంపేశారు. లాకర్ రూమ్‌లో ఒక్కడే కూర్చున్నాడు."

"మీరు నెల్లాళ్ళుగా తిడుతున్నారే, ఆ సస్పెన్షన్," అన్నాను నేను. "అది లేకపోతే ఆ తలతోనే తర్వాతి ఆదివారం కూడా ఆడేవాడు. మీరు ఆఖరి బెంచీలో కూర్చుని చూసేవారు."

అనకుండా ఉండాల్సింది. ఆయన స్టీరింగ్ మీద రెండు చేతులూ అలాగే ఉంచి, వెనక వాళ్ళు పక్కనుంచి దాటిపోతుంటే, చాలాసేపు అక్కడే ఆగిపోయారు.

మేం ఇల్లు చేరేసరికి ఐజాయా పెరట్లో రేక్‌తో ఆకులు ఊడుస్తున్నాడు. ఇంకా వెలుతురుంది. సగం పెరడు శుభ్రంగా ఉంది, సగం అలాగే ఉంది. శుభ్రంగా ఉన్నచోటే మళ్ళీ ఊడుస్తున్నాడు. నేను చీర కూడా మార్చుకోకుండా వెళ్ళి మెట్టు మీద కూర్చున్నాను.

"చర్చిలో మీ మావయ్య నీ గురించి సాక్ష్యం చెప్పారు," అన్నాను. "రెండుగా కనబడిందని."

అతను రేక్ ఆపాడు. కోపం వస్తుందనుకున్నాను. చాలా బరువైనదేదో ఎవరో ఒక పక్క పట్టుకుంటే కలిగే ఊరట కనిపించింది మొహంలో. వచ్చి కింద మెట్టు మీద కూర్చున్నాడు.

"అతను ఎగిరినప్పుడు," అన్నాడు నన్ను చూడకుండా, "ఇద్దరు కనిపించారు అత్తయ్యా. ఇద్దరు మైకాలు. పక్కపక్కనే. అప్పటికే నేను పరుగులో ఉన్నాను. ఇద్దరిలో ఒకణ్ణి ఎంచుకున్నాను."

నేను మెట్టు మీద కొంచెం ముందుకి జరిగాను.

"నిజంగా లేనివాణ్ణి ఎంచుకుని ఉంటే ఎవరికీ ఏమీ అయ్యేది కాదు. గాల్లోకి దూకి కింద పడేవాణ్ణి. అందరూ నవ్వేవాళ్ళు." టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. "అందరూ ఒకటే అడుగుతున్నారు. హెల్మెట్ ముందా, భుజం ముందా అని. నాకు గుర్తు లేదు. మావయ్య టీవీలో చూపించాకే నేనూ చూశాను. నాకు జెండా వేసినాయన చేసింది సరైన పని. మొత్తం స్టేడియం ఆయన్ని తిట్టింది."

"ఇప్పుడు ఎలా ఉంది చూపు?"

"రెండు కనబడటం పోయింది. వెలుతురు నచ్చదు. ఏదో చెప్పబోతాను, అది ఉండదు." కొంచెం ఆగి, "విశ్రాంతి తీసుకుంటే తిరిగొస్తుందా?" అన్నాడు.

హాస్పిటల్లో తల్లులు, భార్యలు అడిగే మాటే అది. వాళ్ళకి చెప్పే జవాబులు నా దగ్గర చాలా ఉన్నాయి. అవి నోటికి రాలేదు.

"కొంత వస్తుంది. ఎంతో నాకు తెలియదు," అన్నాను. "నాకు తెలిసిన డాక్టర్ ఒకావిడ ఉంది. టీమ్‌కి సంబంధం లేనావిడ. వెళ్తావా?"

అతను వెళ్తాననలేదు, వెళ్ళననలేదు. లేచి రేక్ అందుకున్నాడు. ఇంకా ఊడవని వైపు నేను చూపించాను.

ఆ వారమంతా మా ఇంట్లో టీవీ పెట్టలేదు. సోమవారం ఈయన ఆఫీస్‌కి వెళ్ళకుండా గరాజ్‌లో ఏవేవో సర్దుతూ కూర్చున్నారు. నేను కాఫీ తీసుకెళ్తే, కప్పు అందుకుని, "స్తోత్రం అన్నారు కదే అందరూ," అన్నారు. "నేను ఏం చెప్పానో వినలేదా వాళ్ళు? నేను విన్నానా?" కాఫీ తాగలేదు. బుధవారం టీమ్ నుంచి ఫోన్ వచ్చింది. సస్పెన్షన్ అయిపోతోంది, సోమవారం పొద్దున్నే రమ్మన్నారు. క్రిస్టీ తలుపు వేసుకుని ఏడవడం మెట్ల దగ్గరికి వినబడింది.

థాంక్స్‌గివింగ్‌కి మేకన్ ఊరి నుంచి ఐజాయా తల్లి బెర్నిస్ వచ్చింది. నేను ఆవిడని వదినగారూ అంటాను, ఆవిడకి ఆ పిలుపంటే ఇష్టం. టర్కీ ఆవిడ తెచ్చింది. నేను మటన్ బిరియానీ, పెరుగు పచ్చడి చేశాను. వచ్చిన దగ్గర్నుంచీ ఆవిడ కొడుకు మొహమే చూస్తోంది. "బాగా చిక్కిపోయావు. సోమవారం ఆ కోచ్ నిన్ను చూసి ఏమంటాడు?" అంది వడ్డిస్తూ.

మా ఆయన ప్రార్థన చేశారు. ఎప్పుడూ అన్నం చల్లారేదాకా చేసే మనిషి, "ప్రభువా, ఈ బల్ల దగ్గర ఉన్నవాళ్ళని కాపాడు," అని రెండు మాటల్లో ముగించారు.

ఐజాయా ఫోర్క్ అందుకోలేదు.

"మామా," అన్నాడు తల్లితో, "నేను మైకా వాళ్ళమ్మతో మాట్లాడాను. మంగళవారం."

"లాయర్ వద్దన్నాడుగా!"

"లాయర్‌కి చెప్పలేదు. సెకండ్ క్వార్టర్ సంగతి ఆవిడకి చెప్పాను. నాకు సరిగా కనబడలేదని, అయినా ఆటలోనే ఉన్నానని."

బెర్నిస్ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. ఆవిడకి ఆ సంగతి అప్పుడే తెలిసింది. కొడుకు మొహంలోంచి క్రిస్టీ మొహంలోకి, అక్కణ్ణుంచి నా మొహంలోకి చూసింది. మాకందరికీ తెలుసని అర్థమైంది.

"ఆవిడేమంది?" అన్నారు మా ఆయన.

"ఫోన్ పెట్టేసిందనుకున్నాను. తర్వాత అంది, 'మా వాడికి ఈ మాట నేను చెప్పను. నువ్వే వచ్చి చెప్పు' అని." ఐజాయా గుక్క తిప్పుకున్నాడు. "శనివారం వెళ్తున్నాం. క్రిస్టీ డ్రైవ్ చేస్తుంది."

క్రిస్టీ అతని చెయ్యి మీద చెయ్యి వేసింది.

"మరి సోమవారం?" అంది బెర్నిస్. "టీమ్‌కి ఏం చెబుతావు బేబీ?"

"సోమవారం డాక్టర్ దగ్గరికి, మామా. అత్తయ్యకి తెలిసినావిడ దగ్గరికి. టీమ్‌కి అన్నీ చెబుతాను. ఇంతకుముందువి కూడా."

ఆవిడ గరిటె బిరియానీ గిన్నెలో పెట్టి, కూర్చుని, నాప్‌కిన్ నోటికి అడ్డం పెట్టుకుంది. నేను లేచి ఆవిడ వెనక నిలబడి భుజాలు పట్టుకున్నాను.

ఐజాయా మా ఆయన వైపు తిరిగాడు. ఏదో చెప్పబోయి ఆగాడు. మాట కోసం వెతుక్కుంటున్నాడని తెలిసి ఎవరం కదల్లేదు. ఇంగ్లీషులో వెతుకుతున్నాడనుకున్నాను. కాదు.

"మావయ్యా," అన్నాడు, మెల్లిగా, తెలుగులో. "నేను ఇంక ఆడను."